పెట్టె దాటిన రోజు

అచావో రేవులో పొద్దున ఆరింటికి
ఎడెల్మీరా నా పడవలోకి ముందు పెట్టెని ఎక్కించింది,
తర్వాత తను ఎక్కింది.
నీలం పెట్టె. మూతకి తాడు, తాడుకి ఉష్ణమాపకం.
"రెండుకి తగ్గకూడదు, ఎనిమిదికి మించకూడదు" అంది,
చంటిదానికి పాలు కాస్తున్నట్టు.
మే నెల గాలి ముక్కు కొరికేస్తోంది.
మించడం గురించి భయం లేదు, అన్నాను,
గడ్డకట్టకుండా చూసుకో.

ఇరవై ఏళ్ళుగా ఈ చిలోయె దీవుల మధ్య
బంగాళాదుంపలు మోశాను, గొర్రెల్ని మోశాను,
పెళ్ళికి అకార్డియన్ వాయించేవాళ్ళని,
మూడుసార్లు శవపేటికల్ని.
ఇంత తేలిక సరుకు ఎప్పుడూ మోయలేదు.
ఇంతసేపు దాని వంక చూస్తూనూ కూచోలేదు.

మెల్‌కాయ్ దీవిలో ఆసుపత్రి లేదు.
బడి ఉంది. బడికి రెండు గదులు.
ఒక గదిలో తొమ్మిదో ఎక్కం,
రెండో గదిలో సూది.
పిల్లలు ఒక్కొక్కరే ఇటొచ్చి
ఏడుస్తూ తొమ్మిదేళ్ల దగ్గరికి తిరిగిపోయారు.
అరవై దాటినవాళ్ళు బల్ల మీద వరసగా.
కోటు మీద కోటు, దాని మీద ఉన్ని శాలువా,
భుజం బయటపడేసరికి సగం పొద్దు అయిపోయేలా ఉంది.
నోల్బెర్తోకి యాభై ఎనిమిదేనట, ముసలివాళ్ళ వరసలో నిలబడడట.
"నీ వయసుని కాదయ్యా, నీ చక్కెర జబ్బుని పిలిచాను"
అంది ఎడెల్మీరా.

యస్నాకి ఏడో నెల.
ఒక చేయి సూదికిచ్చి, రెండో చేత్తో పొట్ట పట్టుకుంది.
ఇంకొకామె నాలుగు నెలల పసివాణ్ణి ముందుకు చాపింది.
ఆర్నెల్లు నిండాలి, వీడికిప్పుడు కాదు, అంది ఎడెల్మీరా.
వాడికి బదులు వాళ్ళమ్మకి వేసింది, నాన్నకి వేసింది,
టోపీ అల్లుకుంటున్న నాయనమ్మకీ వేసింది,
లేత పాదు చుట్టూ ముళ్ళకంప దడి కట్టినట్టు.

లాస్తెనియా మాత్రం రాలేదు.
గుట్ట మీద ఇల్లు. పెట్టె నేనే మోశాను.
తలుపు తీయకుండా కిటికీలోంచే:
"నాకెందుకు? నా కోళ్ళకి వెయ్యండి, అవీ తుమ్ముతున్నాయి."
"ఈ మందు పెరిగిందే కోడిగుడ్డులో, పెద్దమ్మా."
ముసలామె కాసేపు ఆలోచించింది.
కోళ్ళ మీద గౌరవం పెరిగినట్టుంది. గడియ తీసింది.

తీశాక నన్ను చూసింది.

రెండేళ్ళ కిందట జూలైలో, రేవు మూసేసిన రాత్రి,
రేడియోలో ఆమె గొంతు:
రోసమెల్‌కి ఊపిరి అందట్లేదు, రా.
అలలు గట్టెక్కి నడుస్తున్నాయి.
నేను పడవ విప్పాను. కట్టాను.
విప్పాను. కట్టాను.
తెల్లారింది.

ఆ మాట ఆమె ఎత్తలేదు.
చొక్కా చేయి పైకి లాక్కుంటూ
"ఇది వేస్తే జ్వరం ఇంక రాదా?" అంది.
"రావచ్చు." ఎడెల్మీరాకి అబద్ధం చేతకాదు.
"వచ్చినా, పడవ కోసం కేకేసేంత రాకపోవచ్చు."

ఎవరెవరు వేయించుకోవాలని రేవులో గోడ మీద
పొడుగాటి జాబితా అంటించారు. చదివాను.
నాకది ఒక్క ముక్కే:
జూలైలో నేను చేరలేని గుమ్మం ఎవరిదైతే వాళ్ళు.

గుట్ట దిగుతుంటే "మరి నువ్వో?" అంది.
నాకేం, రాయిలా ఉన్నాను, అన్నాను.
"దీవి దీవికీ దగ్గుల్ని మోసుకుపోయేది నీ పడవే కదా."
ఏమంటాను.
పడవ అంచున కూచుని ఒక భుజం విప్పాను.

తిరుగు దారిలో తాడు లాగుతుంటే ఎడమ చేయి సలిపింది.
పెట్టెలో మందు లేదు.
గడ్డిలో చుట్టిన ఆరు గుడ్లున్నాయి, లాస్తెనియావి.
ఉష్ణమాపకం ఐదు దగ్గరే ఉంది.
ఎందుకో రేవు చేరేదాకా
ఎడెల్మీరా దాన్ని చూస్తూనే ఉంది.